రోబోటిక్స్ జట్టుకు మెంటరుగా వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీవాడు చదివే హైస్కూలు రోబోటిక్స్ జట్టుకు మెంటరుగా ఉండటానికి ఒప్పుకున్నావని తెలిసి సంతోషించాను. సాఫ్ట్‌వేర్ తప్ప యంత్రాల పని రాదన్న బెంగ నీకు అక్కరలేదు. ప్రోగ్రామింగ్ నేర్పగల పెద్దలు ప్రతి జట్టుకూ అవసరమే. డెట్రాయిట్ పరిసరాల్లో, హైస్కూలు పిల్లలకు రోబో పోటీలు నడిపే ఫస్ట్ (FIRST) సంస్థ జట్లతో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా నాకు ముఖ్యమనిపించిన సంగతులు రాస్తున్నాను.

అమెరికన్ ఆవిష్కర్త డీన్ కామెన్ 1989లో ఆ ఫస్ట్ సంస్థను స్థాపించి, 1992లో న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌లో ఒక హైస్కూలు జిమ్‌లో 28 జట్లతో తొలి పోటీ నడిపించినప్పుడు, పని చేస్తున్న ఇంజనీర్ల పక్కన పిల్లలను నిలబెట్టి ఆ వృత్తిని లోపలినుంచి చూపించడమే అసలు ఉద్దేశం. రోబో అందుకొక సాకు. ఆ పోటీకి రూపమిచ్చిన ఎం.ఐ.టి. ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్ పేరిట 1996 నుంచి మెంటర్లకు పురస్కారం ఇస్తున్నారు. దానికి పేరును ప్రతిపాదించి వ్యాసం రాసేది విద్యార్థులే. మా పిల్లలు రాసుకున్న అలాంటి చిత్తుప్రతులు కొన్ని చదివాను. గేర్‌బాక్సు ఎవరు డిజైన్ చేశారన్న మాట వాటిలో దాదాపు కనిపించదు. తమ కోడ్ మొరాయించిన రాత్రి ఎవరు పక్కన కూర్చొని, కీబోర్డు ముట్టుకోకుండా, "ముందు సెన్సర్ ఏ విలువ ఇస్తోందో చూద్దామా" అని అడిగారన్నది మాత్రం పేరాలకు పేరాలు ఉంటుంది.

ఆ కీబోర్డును ముట్టుకోకుండా ఉండటం చాలా కష్టం. హైస్కూలు స్థాయి పోటీలో పెద్దలు రోబోపై చెయ్యి వేయకూడదన్న నియమం లేదు కాబట్టి, ఎక్కడ ఆగాలో ప్రతి మెంటరూ తానే తేల్చుకోవాలి. అలాగని, అన్నీ పిల్లలే చేయాలంటూ చేతులు కట్టుకొని నిలబడే మెంటర్ని నేను మెచ్చుకోను. ఎన్నడూ డ్రిల్లు పట్టని అమ్మాయి చేతికి దాన్నిచ్చి స్వేచ్ఛ అనడం ఆమెను గాలికి వదిలేయడమే. పనికిరాని తునక మీద ఒకసారి నువ్వు చేసి చూపించు, రెండోసారి ఆమె చేస్తుంటే పక్కన నిలబడు, మూడోసారి ఆమె చేత మరొకరికి నేర్పించు. భద్రత విషయంలో మాత్రం చర్చ వద్దు. బ్యాటరీ, బంపర్లతో కలిపి 60 కిలోలు దాటగల యంత్రం అది. రక్షణ కళ్లద్దాలు లేకుండా ఎవరైనా దాని దగ్గరికి వస్తే పని అక్కడికక్కడే ఆపించు.

డిజైన్ దగ్గర ఆజ్ఞలు పనికిరావు. జనవరిలో ఆ ఏటి పోటీ ఆట ప్రకటించిన రోజు పిల్లలు అన్నీ చేసే రోబోనే కట్టాలంటారు. అది కుదరదని నీకు వెంటనే తెలిసిపోతుంది, కానీ చెప్పకు. సుమారు రెండున్నర నిమిషాల మ్యాచ్‌లో ఆ పని ఎన్నిసార్లు చేయగలం, ఒక్కోసారికి ఎన్ని పాయింట్లు, మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లడానికి ఎంతసేపు పడుతుందని అడిగి, నేల మీద టేపుతో గుర్తులు పెట్టి, పిల్లలనే రోబోల్లా నడిపించు. లెక్క వాళ్లే వేసుకుంటారు, అనవసరమైనది వాళ్లే కొట్టేస్తారు. అలా తీసుకున్న నిర్ణయాన్ని మార్చిలో ఓడినప్పుడు కూడా వాళ్లు సమర్థించుకోగలరు. పోటీలో రోబోను సరిచేసుకునే చోటైన పిట్‌కు వచ్చి ప్రశ్నలడిగే జడ్జీల ముందు, నిర్ణయం పిల్లలదా పెద్దలదా అన్న తేడా క్షణంలో బయటపడుతుంది. జడ్జీలు వచ్చినప్పుడు నువ్వు నాలుగడుగులు వెనక్కి జరుగు.

ఇక కాలం సంగతి. పూర్వం ఆరు వారాలు కాగానే రోబోను సంచిలో పెట్టి సీలు వేయాల్సి వచ్చేది. 2020 నుంచి ఆ నిబంధన తీసేశారు. పిల్లలకు మేలే జరిగింది గానీ, మెంటర్లకు ఇంటికి వెళ్లమని చెప్పే తేదీ లేకుండా పోయింది. మీ జట్టు తానే ఒక తేదీ పెట్టుకొని, ఆ తర్వాత కొత్త భాగాలు చేర్చకుండా మ్యాచ్‌లో రోబోను నడిపే డ్రైవర్ల సాధనకే సమయం ఇవ్వాలి. వారంలో రెండు సాయంత్రాలైనా నువ్వు ఇంట్లో ఉండాలని ఇప్పుడే చెప్పేయి. ఏప్రిల్ నాటికి అలసి మానేసిన ఉత్సాహవంతులను నేను చాలామందిని చూశాను. మిషిగన్‌లో 2009లో మొదలైన జిల్లా విధానం వల్ల ఒకే రుసుముతో రెండు పోటీలు ఆడవచ్చు. మొదటి పోటీలో ఏది ఎందుకు విరిగిందో పిల్లల చేత ఆ రాత్రే రాయించు, ఎందుకంటే సోమవారానికి సగం మరిచిపోతారు. ఆ జాబితాలో ఎక్కువసార్లు కనిపించేది వదులైన తీగే. క్రింప్ చేసిన, అంటే కొసను లోహపు తొడుగులో నొక్కి బిగించిన ప్రతి తీగనూ లాగి చూడటం, బ్యాటరీ బోల్టులు కదలకుండా బిగించడం అలవాటు చేస్తే చాలా మ్యాచ్‌లు దక్కుతాయి.

మనవాళ్ల ఇళ్లలో నీకొక చిక్కు ఎదురవుతుంది. "మావాడు డ్రైవరేనా?" అని తల్లిదండ్రులు అడుగుతారు, కాలేజీ దరఖాస్తు మీద వాళ్ల దృష్టి ఉండటం సహజమే. డ్రైవర్లను నువ్వు ఎంపిక చేయకు. సాధనలో నమోదైన అంకెలను, నియమాల పుస్తకం మీద పరీక్షను ఆధారం చేయి, ఆ అంకెలు అందరికీ కనిపించేలా గోడ మీద పెట్టు. మాట్లాడని పిల్లలను స్కౌటింగ్‌కు పంపు. ఇతర జట్ల ఆట తీరు గమనించి లెక్కలు రాసే ఆ పని, చివరి దశ మ్యాచ్‌ల కోసం భాగస్వామి జట్లను ఎంచుకునే వేళ మొత్తం జట్టునూ నిలబెడుతుంది. అప్పటిదాకా వెనక వరుసలో కూర్చున్న అమ్మాయి ఏ జట్టును పిలవాలో కెప్టెన్‌కు చెప్పడం నేను చూసిన మంచి దృశ్యాల్లో ఒకటి. ప్రత్యర్థి జట్టుకు మోటారు కావాలని మైకులో వినిపిస్తే, మీ పిల్లలే పరుగున తీసుకువెళ్లేలా విడిభాగాల పెట్టె ముందే సర్ది ఉంచండి.

స్కూలు అడిగే నేపథ్య తనిఖీ పత్రాలు ఈ వారమే పూర్తి చేయి. వర్క్‌షాప్‌లో పిల్లలతో ఒక్కడివే ఎప్పుడూ ఉండకు, రెండో పెద్దమనిషి తప్పనిసరి. ఆ రెండో వ్యక్తి ఇంజనీరే కానక్కరలేదు. ఖాతాలు చూడగల, స్పాన్సర్లకు ఉత్తరాలు రాయగల తల్లి ఎవరైనా దొరికితే ఆమెను వదులుకోకు. చదువు ముగించుకొని వెళ్లిన పిల్లలు వెంటనే మెంటర్లుగా తిరిగి వస్తామంటే కాలేజీ మొదటి ఏడాది పూర్తయ్యాకే రమ్మను. ఆర్డర్ల జాబితా, పాస్‌వర్డులు, స్కూలు తాళాల సంగతి ఒక పుస్తకంలో రాసి, నీకు జ్వరం వచ్చిన రోజున కూడా జట్టు పని సాగేలా మరో ఇద్దరు ముగ్గురు పెద్దలకు అప్పగించు.

మీ మామయ్య