జ్ఞాపకశక్తి మాత్రల గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ మతిమరుపు తగ్గడానికి జింకో (ఒక చెట్టు ఆకుల సారం), చేపనూనె, బ్రాహ్మిలలో ఏది కొనాలని అడిగావు. నలభై ఏళ్లు మందుల దుకాణం నడిపినవాణ్ణి కనుక ఏదో ఒక సీసా పేరు చెప్పడం నాకు కష్టం కాదు. కానీ అంతకంటే ముందు మీ అమ్మ ఇప్పటికే వాడుతున్న మందుల చీటీ చూడాలి.

పన్నెండేళ్లుగా చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్, గ్యాస్ కోసమని పాంటోప్రజోల్ రోజూ వేసుకుంటోంది. ఈ రెండూ ఏళ్ల తరబడి వాడితే ఆహారంలోని బి12 ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. పైగా మీ ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు కాబట్టి ఆ విటమిన్‌కు పాలు, పెరుగే ఆధారం. అది తగ్గినప్పుడు మతిమరుపు, అరికాళ్ల తిమ్మిరి, నడకలో తూలు కనిపిస్తాయి, మనమేమో వయసు మీదపడిందని సరిపెట్టుకుంటాం. నేనూ ఒకప్పుడు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి రెండేళ్లపాటు బలం టానిక్కులే అమ్మాను. చివరికి ఆయన లోపం బి12దేనని తేలింది.

అందుచేత మొదట బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించు. బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపమనే అనుకోవాలి. 200, 300 మధ్య ఉంటే తేల్చవలసింది డాక్టరే. పరీక్షకు ముందు బి12 మాత్రలు మొదలుపెడితే అంకె పెరిగి అసలు సంగతి మరుగున పడుతుంది. ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇవ్వడం మరీ ప్రమాదం: రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది గాని నరాల నష్టం లోలోపల సాగుతూనే ఉంటుంది.

ఇక జింకో మాట. అమెరికాలో 75 ఏళ్లు, ఆపైబడిన 3,069 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజుకు 240 మిల్లీగ్రాముల చొప్పున సుమారు ఆరేళ్లు ఇచ్చి చూశారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం డిమెన్షియా, అంటే తీవ్రమైన మతిమరుపు జబ్బు, రావడం తగ్గలేదు. మీ అమ్మ గుండె కోసం ఆస్పిరిన్ వాడుతోంది కనుక, దానికి జింకో తోడైతే రక్తస్రావం భయం కూడా ఉంది. చేపనూనె మీద నాకు పెద్ద ఆశ లేదు. బ్రాహ్మి పేరుతో రెండు వేరువేరు మొక్కలు అమ్ముతారు, సీసా మీద బకోపా అని ఉందో, మన సరస్వతి ఆకైన సెంటెల్లా అని ఉందో చూసుకోవాలి. బకోపాపై జరిగిన చిన్న పరీక్షల్లో పన్నెండు వారాలకు కొద్దిపాటి మేలు కనిపించింది, కొందరికి కడుపు చెడుతుంది.

రక్తపరీక్ష రిపోర్టు రాగానే ఫోటో తీసి నాకు పంపు. అప్పటిదాకా నువ్వు తెచ్చిపెట్టిన జింకో సీసా మూత తీయవద్దు.

ఇట్లు,
మామయ్య