తనిఖీకి వెళ్లిన రోజే దగ్గు, తలనొప్పి.. ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 42. మున్సిపాలిటీలో హెల్త్ ఇన్‌స్పెక్టర్‌ని. హాస్టళ్లు, లాడ్జీలు, కార్మికుల వసతి గృహాలు తనిఖీ చేయడం నా పని. ఆరు నెలలుగా తనిఖీ ఉన్న రోజు సాయంత్రం నుంచి పొడిదగ్గు వస్తోంది, ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. రాత్రి పిల్లికూతలు వినిపిస్తున్నాయని మా ఆవిడ అంటోంది. ఆదివారం మాత్రం హాయిగా ఉంటాను. ఎక్స్‌రే తీస్తే బాగానే ఉందన్నారు. పోయిన వారం ఒక హాస్టల్‌లో బాత్రూమ్‌లు చూస్తుండగా అరగంటలోనే విపరీతమైన తలనొప్పి వచ్చి, కళ్లు తిరిగాయి. బయటికొచ్చి కూర్చుంటే గంటలో తగ్గింది. దీనికి తోడు పది రోజులుగా వేళ్ల సందుల్లో దురద, రాత్రిళ్లు మరీ ఎక్కువ. ఇప్పుడు మా ఆవిడకూ మొదలైంది. ఆరేళ్ల పాపకు అంటుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. నేను పొగ తాగను. ఏం చేయమంటారు?

– ఒక పాఠకుడు

జవాబు: మీరు మధ్యలో రెండు మాటల్లో దాటేసిన ఆ తలనొప్పి సంగతి ముందు చెబుతాను. మీకు గంటలో తగ్గిపోయింది. ఆ హాస్టల్‌లో ఉండేవాళ్లు మాత్రం ఈ రోజు కూడా అవే బాత్రూమ్‌లలో స్నానం చేస్తున్నారు.

ఆ బాత్రూమ్‌లలో గానీ వాటి పక్కన గానీ గ్యాస్ గీజర్ ఉందా? మీరు రాయలేదు. ఉంటే అది కార్బన్ మోనాక్సైడ్ పనే అనుకుని నడుచుకోవాలి. కాదని తేలాక ఊపిరి పీల్చుకోవచ్చు. గాలి చాలని చోట గ్యాస్ పూర్తిగా మండదు. అప్పుడు పుట్టే ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, బయటికి రాగానే తెరిపిన పడటం.. మీరు చెప్పినవన్నీ దీనికి సరిపోతున్నాయి. యాసిడ్, బ్లీచింగ్ కలిసిన గాలి పీల్చినా ఇబ్బంది పడతారు గానీ, అప్పుడు కళ్లు మండుతాయి, ముక్కు ఘాటెక్కుతుంది. మీరు ఘాటు మాటే ఎత్తలేదు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ముగ్గురు కుర్రాళ్లను తీసుకొచ్చారు. వాంతులు, తలనొప్పి. ఏదో తిన్నది పడలేదనుకుని సెలైన్ పెట్టి పంపించాను. వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ 98 చూపించింది, దాన్ని నమ్మాను. రాత్రికి మళ్లీ వచ్చారు, అందులో ఒకరికి స్పృహ లేదు. అప్పుడు వార్డు నర్సు అడిగింది: ‘వీళ్లు ముగ్గురూ ఒకే గదిలో ఉంటారా?’ ఆ ప్రశ్న నేను అడగాల్సింది. ఆక్సిజన్ పెట్టాక ముగ్గురూ కోలుకున్నారు. మామూలు ఆక్సీమీటర్‌కు హిమోగ్లోబిన్ మీద కూర్చున్నది ఆక్సిజనో కార్బన్ మోనాక్సైడో తేడా తెలియదు, రెండింటినీ ఒకటిగానే లెక్కేస్తుంది. అప్పటి నుంచీ ఒకే ఇంట్లో ఇద్దరికి మించి తలనొప్పి అంటే ముందు ఆ ఇల్లెలా ఉంటుందని అడుగుతాను.

కాబట్టి ఈ రోజే ఆ హాస్టల్‌కు ఫోన్ చేసి, పరీక్ష అయ్యేదాకా గీజర్ వాడొద్దని చెప్పించండి. తర్వాత ఈ వాయువును కొలిచే మీటర్ ఉన్న అగ్నిమాపక సిబ్బందినో గ్యాస్ టెక్నీషియన్‌నో వెంటబెట్టుకుని వెళ్లండి. మంట నీలంగా కాకుండా పసుపుగా ఎగురుతోందా, గీజర్ పైన గోడకు మసి పట్టిందా, పొగగొట్టం బయటిదాకా ఉందా, వెంటిలేటర్‌ను చలికో దోమలకో భయపడి అట్టముక్కతో మూసేశారా చూడండి. మంట నీలంగా ఉన్నంత మాత్రాన భద్రం అని రాసేయకండి, మీటర్ చెప్పాలి. అక్కడ ఉండేవాళ్లను ఒక్కొక్కరినీ విడిగా ‘స్నానం అయ్యాక తల బరువుగా ఉంటోందా?’ అని అడగండి. అవునన్న వాళ్లను ఆస్పత్రికి పంపండి. మీరు మాత్రం ఇప్పుడు రక్తపరీక్ష చేయించినా లాభం లేదు. మామూలు గాలి పీలిస్తే నాలుగైదు గంటల్లోనే ఈ వాయువు సగం వెళ్లిపోతుంది, మీకు వారం దాటింది. ఇకపై చొక్కాకు తగిలించుకునే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి మీ ఆఫీసును అడిగి తీసుకోండి. ఎన్-95 మాస్కు దుమ్మును ఆపుతుంది గానీ వాయువులను ఆపదు.

ఇక దగ్గు. ‘ఆదివారం హాయిగా ఉంటాను’ అన్నారు చూడండి, మీ జబ్బు గురించి ఎక్స్‌రే కంటే ఆ మాటే ఎక్కువ చెబుతోంది. పని రోజుల్లో ఎక్కువై సెలవుల్లో తగ్గే దగ్గు, రాత్రి పిల్లికూతలు.. ఇవి పని వల్ల వచ్చిన, లేదా పని వల్ల ముదిరిన ఆస్తమా కావచ్చు. ఆస్తమాలో ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. దగ్గు మందు సీసాలతో ఇది తగ్గదు.

మీ వృత్తిలో ఒక చిక్కుంది. తనిఖీ ఉందని ముందే తెలిస్తే అంతకు ముందు రోజు భవనం మొత్తం కడుగుతారు. యాసిడ్ పోస్తారు, దానిమీదే బ్లీచింగ్ చల్లుతారు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. పురుగుల మందు కొడతారు, మరకల మీద కొత్త రంగు వేస్తారు. వీటన్నిటినీ ఎక్కువగా పీల్చేది పొద్దున్నే వెళ్లే మీరే. చెప్పి వెళ్లిన తనిఖీల తర్వాత దగ్గు ఎక్కువా, చెప్పకుండా వెళ్లినప్పుడు ఎక్కువా? ఒక నెల డైరీలో రాసుకోండి. చెప్పి వెళ్లినప్పుడు ఎక్కువైతే అనుమానం రసాయనాల మీదికి పోతుంది. చెప్పకుండా వెళ్లినప్పుడు ఎక్కువైతే చెమ్మ, బూజు, దుమ్ము, బొద్దింకల మీదికి. మీకు చికిత్స చేసే డాక్టర్‌కు ఇది బాగా పనికొస్తుంది.

ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ అని చిన్న గొట్టం మందుల షాపుల్లో దొరుకుతుంది. లేవగానే, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు, రోజుకు నాలుగుసార్లు ఊదండి. ప్రతిసారీ మూడు ఊదులు ఊది, అందులో పెద్ద అంకె రాయండి. నాలుగు వారాలు, సెలవులు కూడా కలిపి. పని రోజుల్లో అంకెలు పడిపోయి సెలవుల్లో లేస్తుంటే సంగతి తేలిపోయినట్టే. ఈలోగా ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గర స్పైరోమెట్రీ (ఎంత గాలిని, ఎంత వేగంగా వదలగలరో కొలిచే పరీక్ష) చేయించుకోండి. ఆస్తమా అని తేలితే ఇన్‌హేలర్ వాడమంటారు, వెనకాడకండి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా సరే, కళ్లె పరీక్ష చేయించాలి. కిక్కిరిసిన గదుల్లో తిరిగే మీరు టీబీ పరీక్ష ఒక్కసారి చేయించేయడమే మంచిది. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

చెమ్మ గురించి కాస్త ఎక్కువే చెబుతాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరి దగ్గుకు మూలం వాళ్లు పడుకునే మంచం వెనక గోడలో ఉంటుంది. గదిలో నిలబడి చూస్తే గోడ తెల్లగా కనిపిస్తుంది. మంచాన్ని జానెడు ఇవతలికి లాగండి. దిండు ఆనించే ఎత్తులో నల్లటి చుక్కలు, కాటుక చిలికినట్టు ఉంటాయి. వేలితో రాస్తే వేలికి అంటుతుంది. పై మూలల్లో, కిటికీ చుట్టూ ఉంటే లోపలి ఆవిరి బయటికి పోవడం లేదన్నమాట. ఒకేచోట గుండ్రంగా పసుపు మరక ఉంటే పైప్ కారుతోంది. నేల నుంచి పైకి పాకి, అంచున తెల్లగా ఉప్పు పేరితే పునాది నుంచి చెమ్మ ఎక్కుతోంది. ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే అక్కడ అరచేయి ఆనించి చూడండి, చల్లగా తగులుతుందేమో.

ఏ రకం బూజో ల్యాబ్ నుంచి తేలితే గానీ నోటీసు ఇవ్వలేమని కొందరు అధికారులు అంటుంటారు. ఆ అవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే, బూజు ఇంతవరకు ఉంటే ఫర్వాలేదనే హద్దు పెట్టలేమని, చెమ్మను రాకుండా చూడటం, వస్తే తీసేయడమే దారి అని చెప్పింది. 2020 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో రెండేళ్ల పిల్లవాడు చనిపోయాడు. అద్దె ఫ్లాట్‌లో చాలాకాలం బూజు పీల్చడం వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాస సమస్యే కారణమని 2022లో విచారణ తేల్చింది. తండ్రి చాలా ముందే ఫిర్యాదు చేస్తే, దానిమీద రంగు వేసుకోమన్నారు. ఆ తర్వాత అక్కడ తెచ్చిన నిబంధనలను ఆ బిడ్డ పేరుతోనే అవాబ్స్ లా అంటున్నారు. మీ రిపోర్టులో ‘గోడకు స్వల్ప మరకలు’ అని రాసే ముందు ఆ గదిలో ఎవరు పడుకుంటున్నారో, వాళ్లకు దగ్గు ఉందో లేదో కూడా ఒక వాక్యం రాయండి. మీరు కాసేపు ఉండి వస్తేనే దగ్గు తెప్పించే గదుల్లో వాళ్లు రాత్రంతా ఉంటున్నారు.

నీళ్ల ట్యాంకుల విషయం కూడా ఒకటుంది. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్‌లో సమావేశానికి వచ్చినవాళ్లు చాలామంది న్యుమోనియాతో జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. కారణమైన లెజియొనెల్లా అనే బాక్టీరియాను మరుసటి ఏడాది గుర్తించారు. గోరువెచ్చని నిలవ నీళ్లలో అది పెరుగుతుంది, షవర్ తుంపర్లతో ఊపిరిలోకి వెళ్తుంది. వేడినీళ్ల ట్యాంకు 60 డిగ్రీల దగ్గర ఉండాలి. వారాలుగా మూసి ఉన్న గదిలో షవర్ తిప్పి దాని ముందు మొహం పెట్టి నిలబడకండి. తనిఖీ తర్వాత రెండు వారాల్లోపు జ్వరం, దగ్గు కలిసి వస్తే ఎలాంటి భవనానికి వెళ్లారో డాక్టర్‌కు చెప్పండి. పెన్సిలిన్ జాతి మందులు దీనికి పనిచేయవు.

చివరగా దురద. వేళ్ల సందులు, రాత్రిళ్లు ఎక్కువ కావడం, ఆ తర్వాత భార్యకు రావడం.. ఇది దాదాపు గజ్జే. చర్మం డాక్టర్ చూస్తే నిమిషంలో తేల్చేస్తారు. మొదటిసారి గజ్జి పురుగు చేరాక దురద పుట్టడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే ఈ పది రోజుల్లో ఏ హాస్టల్‌కు వెళ్లానా అని వెతుక్కోవడం వృథా. పాపకు దురద లేకపోయినా పురుగు ఇప్పటికే చేరి ఉండొచ్చు. కాబట్టి ముగ్గురూ ఒకే రాత్రి మందు రాసుకోవాలి. డాక్టర్లు సాధారణంగా 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్ ఇస్తారు. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో వదలకుండా రాసి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంచి స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడిగితే అక్కడ మళ్లీ రాయాలి. వారం తర్వాత ఇంకొక్కసారి రాయాలి. ఆ రోజే దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతకండి. ఉతకలేనివి సంచిలో మూట కట్టి వారం పక్కన పెట్టండి. మందు పనిచేశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. తగ్గలేదని రోజూ రాస్తే చర్మం మండిపోతుంది.

గజ్జి అంటుకోవాలంటే సాధారణంగా ఒంటికి ఒళ్లు కాసేపు తగలాలి. పరుపు ఎత్తి చూసినంత మాత్రాన తేలిగ్గా రాదు. పరుపుల దగ్గర మీరు జాగ్రత్తపడాల్సింది నల్లుల విషయంలో. కుట్టు అంచుల్లో సిరాచుక్కల్లా నల్లటి మచ్చలుంటే అవి నల్లుల రెట్టలు. జబ్బులు అంటించవు గానీ సంచిలో దూరి ఇంటికొచ్చేస్తాయి. మీ బ్యాగ్ మంచం మీద పెట్టకండి, బట్టలు గుమ్మం దగ్గరే మార్చుకోండి.

గజ్జి మందు ఈ వారమే రాసుకోండి, స్పైరోమెట్రీకి వచ్చేవారం వెళ్లండి. నెల నిండాక ఆ డాక్టర్ దగ్గరికి పీక్ ఫ్లో కాగితంతో పాటు మీ తనిఖీల డైరీ కూడా పట్టుకెళ్లండి. ఆ హాస్టల్‌కు ఫోన్ మాత్రం ఇప్పుడే చేయండి.