మూడో తరగతిలో తడబాటు: ఇంట్లో ఏం చేయవచ్చు?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది మూడో తరగతికి వచ్చింది. ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు మీడియం. రెండో తరగతి వరకు బాగా చదివేది. ఇప్పుడు కూడికలు, తీసివేతలు విడిగా ఇస్తే చేస్తుంది గానీ, అదే లెక్కను మాటల్లో ఇస్తే కలపాలా, తీసేయాలా అని నన్నే అడుగుతోంది. పరిసరాల విజ్ఞానం పాఠం చదివాక అందులో ఏముందో చెప్పలేకపోతోంది. మాకు చిన్న కిరాణా కొట్టు ఉంది. రాత్రి అరగంటకు మించి తీరిక ఉండదు. ట్యూషన్‌లో చేర్చమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ పాప వెనకబడిందన్న నిర్ణయానికి అప్పుడే రాకండి. మూడో తరగతిలో చదువు తీరే మారిపోతుంది. మొదటి రెండేళ్లలో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు పట్టుబడి చదవడం వస్తే సరిపోయేది. ఇక్కడి నుంచి ఆ చదవడంతోనే కొత్త విషయాలు తెలుసుకోవలసి వస్తుంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా ఒకటి, రెండు తరగతులను పునాది దశలో ఉంచి, మూడో తరగతితో తరువాతి దశను మొదలుపెట్టింది. 2021లో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి 60 పదాల చొప్పున అర్థం చేసుకుంటూ చదవగలగాలి, 9999 వరకు సంఖ్యలను చదివి రాయగలగాలి. అంతమాత్రాన ఇంట్లో గడియారం పట్టుకుని పదాలు లెక్కపెట్టవద్దు. కూడబలుక్కుని చదివే బిడ్డను తొందరపెడితే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతుంది. ఒకే పేరాను వరుసగా రెండు మూడు రోజులు గట్టిగా చదివించండి. పదాల దగ్గర తడబాటు తగ్గితే మనసు అర్థం మీద నిలుస్తుంది.

మాటల లెక్కలలో వచ్చే చిక్కు చాలావరకు ఈ చదవడంలోదే. ‘రవి దగ్గర 24 గోలీలు ఉన్నాయి. అవి గోపి దగ్గర ఉన్నవాటికంటే 8 ఎక్కువ. గోపి దగ్గర ఎన్ని ఉన్నాయి?’ అని అడిగితే, ‘ఎక్కువ’ అన్న మాట కనబడగానే కలిపేసి 32 అని రాసే పిల్లలు ఎందరో ఉన్నారు. ‘ఎక్కువ అంటే కలపాలి, మిగిలినవి అంటే తీసేయాలి’ అని మనమే గుర్తులు నేర్పితే ఈ తప్పు స్థిరపడిపోతుంది, కాబట్టి దయచేసి అలా నేర్పవద్దు. ముందు అంకెల జోలికి పోకుండా ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయో, ఎవరి దగ్గర తక్కువ ఉన్నాయో పాప చేతనే సొంత మాటల్లో చెప్పించండి. గోపి దగ్గరే తక్కువని దానికి తోచిన తరువాత, తీసేయాలని మీరు చెప్పనక్కరలేదు.

తీసివేతలు చేస్తుందన్నారు కదా, 402 నుంచి 157 తీసేయమని ఒకసారి ఇచ్చి చూడండి. జవాబు 355 అని వస్తే, పాప ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తోందన్నమాట. మధ్యలో సున్నా ఉన్న లెక్కల్లో ఈ పొరపాటు బయటపడుతుంది. దీనికి మీ గల్లాపెట్టెను మించిన బోధనోపకరణం లేదు. నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి నాణేలు పాప చేతిలో పెట్టి 157 రూపాయలు ఇమ్మనండి. ఇవ్వలేక, వంద నోటుకు చిల్లర అడుగుతుంది. పది పది రూపాయల నోట్లు ఇవ్వండి. వాటిలో ఒకదానికి మళ్లీ పది రూపాయి నాణేలు అడుగుతుంది. ఇచ్చినది పోగా మిగిలిన 245ను తానే లెక్కపెట్టాక అదే పనిని పలక మీద అంకెలతో చేయించండి. బడిలో ‘అప్పు తెచ్చుకోవడం’ అని చెప్పే మెట్టు అప్పుడు కంఠస్థం చేసిన పద్ధతిగా మిగిలిపోదు.

ఎక్కాలు రోజూ వల్లె వేయించడం మంచిదే, మానవద్దు.

పరిసరాల విజ్ఞానం విషయంలో మీకు ఒక సౌకర్యం ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఇంగ్లీషు పేజీకి ఎదురుగా అదే పాఠం తెలుగులోనూ ఉంటుంది. ముందు తెలుగు పేజీ చదివించి, విషయం మాట్లాడుకున్న తరువాత ఇంగ్లీషు పేజీకి వెళ్లండి. తెలుగు చదివితే ఇంగ్లీషు రాదన్న భయం అక్కరలేదు. తెలిసిన సంగతిని మరో భాషలో చదవడం పిల్లలకు తేలిక. నీరు, ఆహారం, మొక్కలు వంటి పాఠాలకు మీ కొట్టూ వీధీ చాలినన్ని ఉదాహరణలు ఇస్తాయి.

ట్యూషన్ ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. అక్కడ హోంవర్కు పూర్తవుతుంది గానీ, పాప ఎక్కడ ఆగిపోతోందో చూసే ఓపిక అందరికీ ఉండదు. మీ అరగంటలో పది నిమిషాలు చదవడానికి, మిగిలినది ఒకటి రెండు లెక్కలకు కేటాయించండి. రెండు మూడు నెలలు గడిచినా రెండో తరగతి వాచకంలోని చిన్న వాక్యాలే తడబడుతూ చదువుతుంటే, పాప నోటుపుస్తకం తీసుకువెళ్లి టీచరుగారితో మాట్లాడండి. అంతకంటే ముందు ఒకసారి కళ్లు పరీక్ష చేయించండి. బోర్డు మీది అక్షరాలు సరిగా కనబడకపోయినా ఆ సంగతి చెప్పడం ఈ వయసు పిల్లలకు తెలియదు.