పేరు పెట్టే ముందు ఏ కాంతిలో చూశావో రాసుకో

నల్లగొండ

బిడ్డా,

జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు చిత్రాల్లోని దూరపు గెలాక్సీలను రకాలుగా విడదీసే పని నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు తీసుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ సంతోషంలో రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

రిటైరయ్యాక నేను గెలాక్సీ చిత్రాలు చూస్తూనే కాలం గడిపాను. అంతకుముందరి హబుల్ టెలిస్కోపు చిత్రాల్లో ముక్కలుముక్కలుగా కనిపించినదాన్నల్లా 'క్రమం లేనిది' అని రాసేవాణ్ణి. వాటిలో కొన్నింటిని తర్వాత వెబ్ పరారుణ (కంటికి కనబడని, ఎరుపు అవతలి కాంతి) చిత్రాల్లో చూస్తే, నున్నటి పళ్లెంలా చక్కగా ఉన్నాయి. చాలా బాధపడ్డాను.

తప్పు ఎక్కడ జరిగిందంటే, విశ్వం వ్యాకోచిస్తున్నకొద్దీ కాంతి సాగుతుంది. ఆ సాగుడును చెప్పే అంకె రెడ్‌షిఫ్ట్, అది పెరిగేకొద్దీ గెలాక్సీ దూరం. రెడ్‌షిఫ్ట్ 4 అంటే తరంగదైర్ఘ్యం 5 రెట్లయిందని లెక్క. హబుల్ 1.6 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర పట్టుకున్నది, ఆ గెలాక్సీ నుంచి 0.32 మైక్రాన్ల అతినీలలోహిత కాంతిగా బయలుదేరింది. అది ఎక్కువగా వేడిగా ఉండే పడుచు నక్షత్రాల కాంతి. దేవరకొండ రోడ్డు మీద రాత్రి బస్సులో పోతుంటే పెళ్లి పందిళ్ల దీపాలే కనబడి, వెనకున్న ఊరు కనబడదు చూడు, అలాగే.

అందుకే ఒక్కో గెలాక్సీకి దాని సొంత 0.5 మైక్రాన్ల కాంతి, అంటే మన కంటికి కనబడే రకం, వెబ్ కెమెరాలోని ఏ ఫిల్టర్‌లో పడుతుందో ముందు లెక్కగట్టు. రెడ్‌షిఫ్ట్ 2 అయితే ఎఫ్ 150 డబ్ల్యూ, 4 అయితే ఎఫ్ 277 డబ్ల్యూ. అప్పుడే వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం. పెద్ద తరంగదైర్ఘ్యంలో చిత్రం మసకబారుతుందని కూడా గుర్తుంచుకో. చుక్కలాంటి నక్షత్రం 1.5 మైక్రాన్ల దగ్గర సుమారు 0.05 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) పరుచుకుంటే, 4.4 దగ్గర దాదాపు 0.14 పరుచుకుంటుంది. రంగులు కొలిచే ముందు పదునైన చిత్రాన్ని కూడా అంతే మసకబార్చు. ఇది విసుగు పని, కానీ వదలకు.

ఇంకో మోసం ఉంది. ఉపరితల ప్రకాశం, అంటే చిత్రంలో ఒక్కో చిన్న చోటు నుంచి వచ్చే వెలుగు, రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపి నాలుగో ఘాతం వేస్తే ఎంతో అన్ని రెట్లు తగ్గుతుంది. రెడ్‌షిఫ్ట్ 2 దగ్గరే 81 రెట్లు. గెలాక్సీ బయటి సర్పిల చేతులు మాయమై నడుమ ముద్ద మిగిలితే, 'దీర్ఘవృత్త గెలాక్సీ' అని రాయాలనిపిస్తుంది. అప్పుడు 'తేల్చలేను' అని రాయి. అలా రాయడం తప్పు కాదమ్మా.

ఎరుపు గురించి టెన్షన్ పడతావని తెలుసు. దూరం వల్ల ఎరుపు, ముసలి నక్షత్రాల వల్ల ఎరుపు, ధూళి వల్ల ఎరుపు, మూడూ ఒకేలా కనబడతాయి. ఎండాకాలం సాయంత్రం పానగల్ చెరువు మీద సూర్యుడు దుమ్ములో ఎర్రబడతాడు, ముసలివాడై కాదు కదా. ధూళి అనుమానం వస్తే వెబ్‌లోని మిరి అనే కెమెరా డేటా ఉందేమో చూడు. 5 నుంచి 28 మైక్రాన్ల దాకా చూస్తుంది కనుక, కాంతిని మింగి వేడెక్కిన ధూళి అక్కడ తనే వెలుగుతుంది.

రంగుల నుంచి తేల్చిన దూరాన్ని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. సీర్స్ 93316 అనే గెలాక్సీని మొదట రెడ్‌షిఫ్ట్ 16 దగ్గర, అంటే మహావిస్ఫోటం తర్వాత సుమారు 25 కోట్ల ఏళ్లకే ఉందని అంచనా వేశారు. 2023లో వర్ణపటం తీస్తే, అంటే దాని కాంతిని తరంగదైర్ఘ్యాలవారీగా విడదీసి చూస్తే, అది 4.9 దగ్గరే తేలింది, అంటే దాదాపు 120 కోట్ల ఏళ్ల తర్వాతది. హైడ్రోజన్, ఆక్సిజన్ వెలువరించే కాంతి గీతలు బలంగా ఉండి, ధూళి తోడై, ఫిల్టర్లలో దూరపుదానిలా కనిపించింది. తలపండినవాళ్లకే అలా అయ్యింది. నీ పట్టికలో వర్ణపటం ఉన్నవాటికీ లేనివాటికీ వేర్వేరు గడులు పెట్టు.

ముందు 50 గెలాక్సీలు చూడు. వారం ఆగి, పాత జవాబులు మూసేసి, అవే మళ్లీ చూడు. రెండుసార్లూ ఒకే మాట రానివన్నీ నాకు పంపు. నేనూ విడిగా చూసి రాస్తాను. దసరాకు వచ్చినప్పుడు కూర్చుని ఒక్కొక్కటీ మాట్లాడుకుందాం.

నీ పెద్దనాన్న