చెయ్యి దూరని ఇంజన్లు: స్పోర్ట్స్ కార్ల సొంత మరమ్మతుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా దగ్గర రెండు టర్బోలున్న పాత మిత్సుబిషి 3000జీటీ ఉంది. స్పార్క్ ప్లగ్గులు మార్చడం ఇంట్లో చేసుకోదగ్గ పనేనన్న నమ్మకంతో మొదలుపెట్టాను. రేడియేటర్ వైపున్న మూడు ప్లగ్గులూ తేలిగ్గానే వచ్చాయి. వెనకవైపు మూడింటి మీద మాత్రం, గాలిని సిలిండర్లకు పంచే ప్లీనం మూతలా కూర్చుని ఉంది. దాన్ని విప్పనక్కర్లేదనీ, చేతి తడుములాటతోనే పని అయిపోతుందనీ కొందరు మిత్రులు చెప్పారు. సెలవు రోజంతా తంటాలు పడినా వేలి కణుపులు చీరుకుపోవడం తప్ప ఏమీ జరగలేదు. ఇంత ఖరీదైన కారును ఇలా ఎందుకు తయారు చేస్తారు? లోపం నాదా, కారుదా?

జవాబు: లోపం మీ చేతిలో లేదు; మీరు పట్టిన దారిలో ఉంది. ఈ కారులో వీ6 ఇంజను అడ్డంగా కూర్చుంటుంది కాబట్టి, మూడు సిలిండర్ల వరుస ఒకటి రేడియేటర్ వైపు, రెండోది ప్రయాణికుల గదిని వేరుచేసే గోడ వైపు తిరిగి ఉంటాయి. టర్బోలు వరుసకొకటి చొప్పున ఉన్నాయి. అంటే వెనక టర్బో, దాని పైపులు, వేడి తగలకుండా కప్పిన రేకులు అన్నీ గోడకూ ఇంజనుకూ మధ్య మిగిలిన ఆ కాస్త సందులోనే సర్దుకోవాలి. మీ మోచెయ్యి కూడా అందులోంచే పోవాలి.

ఇలా ఎందుకు తయారు చేస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. స్పోర్ట్స్ కారుకు రూపం ఇచ్చేవారు బానెట్ ఎంత కిందికి దిగితే అంత మంచిదనుకుంటారు. బరువును నేలకు దగ్గరగా, వీలైతే రెండు ఇరుసుల మధ్యకు చేర్చాలని చూస్తారు. ఆ పైన టర్బో, ఇంటర్‌కూలర్, అదనపు పైపులు వచ్చి చేరతాయి. స్థలం తగ్గుతూ, సామాను పెరుగుతూ పోతుంది. దీనికి తోడు, చాలా కార్ల ఫ్యాక్టరీల్లో ఇంజనును, గేరుబాక్సును బయటే ఒక చట్రం మీద బిగించి, ఆ మొత్తాన్ని కింది నుంచి కారు శరీరంలోకి ఎత్తి కూర్చోబెడతారు. బిగించే కార్మికుడికి నాలుగు వైపులా చోటు ఉంటుంది గనుక అతనికి ఏ బోల్టూ అందకుండా పోదు. పదిహేనేళ్ల తరవాత పైనుంచి తొంగిచూసే మనిషిని ఆ ఏర్పాటులో ఎవరూ తలుచుకోరు.

ఇక పని సంగతి. ప్లీనం విప్పండి. విప్పకుండా చేసేయవచ్చని చెప్పేవారు చాలావరకు ఎప్పుడో ఒకసారి అదృష్టం కలిసొచ్చి చేసినవారే. వారి మాట విని మూడు ప్లగ్గుల కోసం తడుముకునే సమయంలో, ప్లీనం విప్పి, పని ముగించి, తిరిగి బిగించవచ్చు. ప్లీనానికి వెనకవైపు, గోడకు ఎదురుగా, ఆనుగా నిలిపే పట్టీలు ఉంటాయి. అసలు కష్టం వాటి బోల్టులతోనే. పైనున్న పైపులు, తీగలు, త్రాటిల్ దగ్గరి గొట్టాలు ముందే తీసేస్తే ఆ బోల్టులు కంటికి కనబడతాయి. కనబడని బోల్టును బలంతో విప్పబోవడం వల్లే దాని తల అరిగిపోతుంది. విప్పే ముందు ప్రతి గొట్టానికీ, అది తగిలే చోటుకూ ఒకే అంకె వేసిన చిన్న టేపు ముక్క అంటించండి, ఫోటోలు తీసుకోండి. కొత్త ప్లీనం గాస్కెట్ (అతుకులో సందు లేకుండా మూసే పలచని పొర) ముందే తెచ్చి పెట్టుకోండి.

ప్లీనం పైకి లేవగానే తెరుచుకున్న గాలిదారుల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కండి. ఎన్ని కుక్కారో కాగితం మీద రాసి, బిగించే ముందు లెక్క సరిచూసుకోండి. లోపల మరిచిపోయిన గుడ్డ ఇంజను తిరగగానే ఎక్కడికి పోతుందో చెప్పనక్కర్లేదు. ప్లగ్గులు లోతైన గుంటల్లో ఉంటాయి. వాటిని కదపకముందే గాలి కొట్టి ఆ గుంటల్లోని ఇసుకను ఎగరగొట్టాలి, లేకపోతే అదంతా సిలిండర్లో పడుతుంది. ఇంజను పూర్తిగా చల్లారాకే ప్లగ్గు విప్పాలి, ఎందుకంటే సిలిండర్ హెడ్డు అల్యూమినియంది, వేడి మీద దాని మరలు ప్లగ్గుతో పాటే ఊడివచ్చే ప్రమాదం ఉంది.

కొత్త ప్లగ్గును ఎక్కించేటప్పుడు రాట్చెట్ (నట్టు మీంచి తీయకుండానే ముందుకూ వెనక్కూ ఆడించి తిప్పే పిడి) జోలికి పోకండి. ప్లగ్గు పై కొసకు బిగువుగా పట్టే జానెడు రబ్బరు గొట్టం ముక్క తొడిగి, ఆ గొట్టాన్నే వేళ్లతో తిప్పండి. ముందుగా కొద్దిగా ఎదురు దిశలో తిప్పితే మర అంచు దిగినట్టు చిన్న కుదుపు వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి సవ్య దిశలో తిప్పుకుంటూ పోవాలి. మర అడ్డంగా పడితే గొట్టం ప్లగ్గు మీద జారిపోతుందే గాని అల్యూమినియంను కోయదు. ఇంతకంటే చవకైన రక్షణ నాకు తెలిసి మరొకటి లేదు. చివరి బిగింపు మాత్రం, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ పానాతోనే చేయాలి. వాషరు ఉన్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు అల్యూమినియం హెడ్డులో సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు సరిపోతుంది, అయితే మీ కారు సర్వీసు పుస్తకంలో ఏ అంకె ఉంటే దాన్నే పాటించండి.

ప్రశ్న: ఆల్టర్నేటర్ విప్పుతుండగా 10 ఎంఎం సాకెట్ చేజారింది. కింద నేల మీద పడిన చప్పుడు రాలేదు. దాన్ని వదిలేసి కారు నడపవచ్చా?

జవాబు: నడపకూడదు. తాళం కూడా తిప్పకండి. నేల మీద పడలేదంటే అది కింది ప్లాస్టిక్ పళ్లెంలోనో, సబ్‌ఫ్రేము బోలులోనో, ఏదైనా పట్టీ మీదనో ఆగిందన్నమాట, అంతవరకైతే ఫరవాలేదు. కానీ బెల్టుకూ పుల్లీకీ మధ్య గాని, ఫ్యాను రెక్కల దగ్గర గాని, స్టీరింగ్ కీలు పక్కన గాని ఆగి ఉంటే నష్టం పెద్దది. అది చేజారినప్పుడు చెయ్యి ఎక్కడుందో గుర్తు తెచ్చుకుని, అక్కడి నుంచి నిలువుగా కిందికి టార్చి వేసి, ఒక్కొక్క అంచూ చూసుకుంటూ రండి. సాకెట్టు ఉక్కుది గనుక పొడవాటి కడ్డీకి అమర్చిన అయస్కాంతం దాన్ని పట్టుకుంటుంది. అయితే ఇనుప భాగాల మధ్య ఆ అయస్కాంతం పక్కలకే అంటుకుపోయి విసిగిస్తుంది. కడ్డీకి ప్లాస్టిక్ గొట్టం తొడిగి కొసను మాత్రమే బయట ఉంచితే ఆ బాధ తప్పుతుంది. అప్పటికీ కనబడకపోతే కింది పళ్లెం విప్పండి. ఎలాగూ అక్కడ ఇంతకుముందు పనిచేసినవాళ్లు పోగొట్టుకున్న క్లిప్పులు, వాషర్లు దొరుకుతాయి.

ప్రశ్న: 1994 నాటి షెవర్లే కోర్వెట్‌లో నీటి పంపు కారుతుంటే నేనే మార్చాను. కారడం ఆగింది. కొద్ది రోజులకే ఇంజను ఊపిరి ఆడనట్టు తడబడుతోంది, తడి వాతావరణంలో మరీ ఎక్కువ. పంపు బిగించడంలో ఏదైనా పొరపాటు చేశానా?

జవాబు: పంపు మీద అనుమానం అక్కర్లేదు, ఆ పంపు వెనక ఏముందో చూడాలి. 1992లో కోర్వెట్‌కు వచ్చిన ఎల్‌టీ1 వీ8 ఇంజనులో, నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్ ఇంజను ముందు భాగంలో, సరిగ్గా నీటి పంపు కింద, దాని వెనక ఉంటుంది. ఆప్టిస్పార్క్ అని దానికి పేరు. సన్నని చీలికలు కోసిన పళ్లెం ఒకటి అందులో తిరుగుతుంటే, వెలుగు ఆ చీలికల గుండా పోవడం, ఆగడం ఆధారంగా కామ్‌షాఫ్టు (ఇంజను వాల్వులను తెరిచే ఇరుసు) ఏ కోణంలో ఉందో కంప్యూటర్ తెలుసుకుంటుంది. ఇంత సున్నితమైన పరికరాన్ని నీరు కారే అవకాశమున్న పంపు నీడలో పెట్టడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు. మీ పాత పంపు కారినన్నాళ్లూ కూలెంట్ దాని మీదికి దిగి ఉండవచ్చు. లోపల చెమ్మ చేరితే మీరు చెబుతున్న లక్షణాలే కనిపిస్తాయి. ముందు ప్లగ్గు తీగలను, వాటి కొసల తొడుగులను పరీక్షించి, అవి బాగుంటే డిస్ట్రిబ్యూటర్‌ను అనుమానించండి.

దాన్ని తీయాలంటే పంపు మళ్లీ విప్పాలి, క్రాంక్ పుల్లీ కూడా తీయాలి. ఇక్కడే ఇరుకు ఇంజన్ల అసలు శిక్ష ఉంది: భాగం మార్చడానికి పట్టేది కొద్ది సమయం, దాని దగ్గరికి చేరడానికే రోజంతా పడుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు భాగం పేరు కాకుండా, దారిలో విప్పాల్సినవాటి పేర్లు వరసగా రాసుకోమని నేను అడిగినవారందరికీ చెబుతుంటాను. ఆ వరసలో ఉన్న రబ్బరు గొట్టాలు, సీళ్లు, గాస్కెట్లు పాతబడి ఉంటే అదే విడతలో మార్చేయాలి. కారుతున్న పంపు విప్పినప్పుడు డిస్ట్రిబ్యూటర్ చుట్టూ ఉన్న సీళ్లను చూడటం, డిస్ట్రిబ్యూటర్ విప్పుతున్నప్పుడు పంపు గాస్కెట్ కొత్తది వేయడం అటువంటివే.

ప్రశ్న: మొదటి తరం పోర్షే బాక్‌స్టర్ కొన్నాను. ఇంజను చూద్దామంటే తెరవడానికి బానెటే లేదు. ఈ కారుకు ఇంట్లో ఏ పనులు చేసుకోవచ్చు, ఏవి షెడ్డుకు వదిలేయాలి? క్లచ్ నేనే మార్చాలని ఉంది.

జవాబు: 1996లో వచ్చిన ఆ కారులో ఇంజను సీట్ల వెనక, వెనక ఇరుసుకు ముందు ఉంటుంది. నూనె, కూలెంట్ పోసే మూతలు మాత్రం వెనక డిక్కీలో కనిపిస్తాయి. రోజువారీ అవసరానికి అంత చాలునని తయారుచేసినవారు భావించారు. ఇంజను పైభాగం చూడాలంటే గుడ్డ పైకప్పును సగం తెరిచి నిలిపి, కింది మూత విప్పాలి. బెల్టు ఉండే వైపు సీట్ల వెనక గోడలోని పలక తీస్తే కనబడుతుంది. నూనె మార్పు కింది నుంచి, స్పార్క్ ప్లగ్గులు వెనక చక్రాలు విప్పి చేసుకునే పనులు. వంగడం, పడుకోవడం అలవాటైతే ఇవన్నీ ఇంట్లో చేసుకోదగ్గవే.

క్లచ్ విషయంలో నేను మిమ్మల్ని ఆపను గాని, తొందరపడవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఇంజనుకు వెనక ఉన్న గేరుబాక్సును కింది నుంచి దించాలి కాబట్టి, కారును నాలుగు స్టాండ్ల మీద, గేరుబాక్సు జాకీతో సహా బయటికి వచ్చేంత ఎత్తున నిలపాలి. ఇంజనుకు వెనక ఆధారం తీసేస్తున్నారు గనుక దాన్ని వేరే జాకీతో ఆనించాలి. చమురు పళ్లేనికి చెక్క దిమ్మ అడ్డం పెట్టకుండా జాకీ ఆనిస్తే అల్యూమినియం పగులుతుంది. అన్నిటికంటే ముఖ్యం, గేరుబాక్సు దిగగానే వెనక బరువు తగ్గి కారు తూకం ముందుకు మారుతుంది. స్టాండ్లు ఎక్కడ పెట్టాలో ఆ మారిన తూకాన్ని లెక్కలోకి తీసుకుని నిర్ణయించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరేవారు ఉన్నారు. వారికి నేను ఇవ్వగల సలహా ఏదీ లేదు.

గేరుబాక్సు, క్లచ్, ఫ్లైవీల్ తీశాక ఇంటర్మీడియట్ షాఫ్టు (క్రాంక్ తిరుగుడును కామ్‌షాఫ్టుల వైపు చేర్చే ఇరుసు) బేరింగు మూత ఎదురుగా కనబడుతుంది. ఈ తరం ఇంజన్లలో ఆ బేరింగు పాడైతే ఇంజను మొత్తం పోయిన సందర్భాలు ఉన్నాయి గనుక, అంతదూరం వెళ్లినవారు దాన్నీ, క్రాంక్ వెనక సీలునూ మార్చడం ఆనవాయితీ అయింది. కామ్‌షాఫ్టులు కదలకుండా బిగించే ప్రత్యేక పనిముట్లు లేకుండా మాత్రం ఆ బేరింగును ముట్టుకోకూడదు. అవి లేకపోతే గేరుబాక్సు దించకముందే షెడ్డుకు అప్పగించడం మేలు.

అయితే రూపకర్తలు తలుచుకుంటే దారి ఇవ్వగలరనడానికీ సాక్ష్యం ఉంది. ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్టులు మార్చాలంటే ఇంజను బయటికి దించాల్సిందే. దాని తరవాత 1999లో వచ్చిన 360లో సీట్ల వెనక విప్పుకోగల పలక పెట్టారు. ఇంజను ఉన్నచోటే ఉంచి బెల్టులు మార్చవచ్చు. ఇంజను అక్కడే, సీట్ల వెనకే ఉంది. మారింది ఒక్క పలక.

ప్రశ్న: ఇరుకు చోట్ల కోసం పనిముట్ల పెట్టె పెద్దది కొనాలా?

జవాబు: పెద్దది అక్కర్లేదు, సరైనది కావాలి. మామూలు తెరిచిన పానా ఆరు మూలల నట్టును మళ్లీ పట్టుకోవాలంటే 60 డిగ్రీలు తిరగాలి. తిరగేసి పట్టుకుంటూ పోయినా 30 డిగ్రీలు కావాలి. 72 పళ్ల రాట్చెట్‌కు 5 డిగ్రీలు చాలు. చేతికి రవ్వంత చోటే ఉన్నప్పుడు ఈ తేడా వల్లే పని అవుతుంది, లేదా ఆగిపోతుంది. పావు అంగుళం డ్రైవున్న సన్నని రాట్చెట్, వంగే కీలు, వేర్వేరు పొడవుల్లో ఎక్స్‌టెన్షన్లు, తలకు పెట్టుకునే దీపం, ఫోనుకు తగిలించే ఎండోస్కోపు కెమెరా ఉంటే చాలావరకు గడిచిపోతుంది. టార్క్ పానాకు పక్కకు తగిలించే కాకికాలు సాకెట్ (తెరిచిన పానా తల ఒక్కటే ఉన్న ముక్క) వాడితే దాన్ని పానాకు 90 డిగ్రీల కోణంలో ఉంచండి. అప్పుడు టార్క్ అంకెను సవరించే పని ఉండదు.

ప్రశ్న: విసుగెత్తిపోయింది. ఇంట్లో సులువుగా బాగుచేసుకోగల స్పోర్ట్స్ కారు అంటూ ఒకటి ఉందా?

జవాబు: మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 చూడండి. 1989లో వచ్చిన ఆ కారులో నాలుగు సిలిండర్ల ఇంజను ముందు భాగంలో, అడ్డంగా కాక కారు పొడవు వెంట కూర్చుంటుంది, ప్లగ్గులు నాలుగూ పైనే చేతికందుతాయి, టర్బో లేదు. అయితే ఆయిల్ ఫిల్టరును ఇన్‌టేక్ మానిఫోల్డు కింద పెట్టారు. పైనుంచి కనబడుతుంది గాని చెయ్యి సరిగా చేరదు. కుడివైపు ముందు భాగాన్ని స్టాండు మీద నిలిపి, చక్రం విప్పి, కింది నుంచి చెయ్యి పోనివ్వండి. ఫిల్టరు వదులవగానే నూనె మోచేతి మీదుగా కారుతుంది, చేతికి పాత గుడ్డ చుట్టుకోవడం మరవకండి.