చిత్రకారులతో కలిసి పుస్తకం చేయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. పగలు పేపరు డెస్కు, రాత్రి కవిత్వం, ఇప్పుడు ఒక చిత్రకారిణితో కలిసి పుస్తకం. మంచి పనికి పూనుకున్నావు. కవిత్వమైనా, వార్త రాయడమైనా నీ అంతట నువ్వే నేర్చుకున్నావు. బొమ్మల సంగతి కూడా అలాగే పట్టుబడుతుంది. కానీ ఎవరూ చెప్పక చేజేతులా చెడగొట్టుకునే విషయాలు కొన్నున్నాయి, అవి ముందే రాస్తున్నాను.

ఆవిడ నీ కవితకు బొమ్మ వేసిపెట్టే మనిషి అనుకోకు. పత్రికల్లో పనిచేసేవాళ్లకు ఈ అలవాటు ఎముకల్లో ఉంటుంది. కథ ఆర్టిస్టు టేబుల్ మీదికి పోతుంది, సాయంత్రానికి బొమ్మ రావాలి, కథలో బావి ఉంటే బొమ్మలోనూ బావి ఉండాలి. పుస్తకంలో అదే చేస్తే పాఠకుడికి ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టవుతుంది. 1913లో పారిస్‌లో కవి బ్లెయిజ్ సాండ్రార్, చిత్రకారిణి సోనియా దెలొనే కలిసి రెండు మీటర్ల పొడవున మడతలు విప్పుకునే ఒకే కాగితం మీద పని చేశారు. ఒక పక్క రంగులు, ఒక పక్క కవిత, పైనుంచి కిందికి రెండూ సమానంగా నడుస్తాయి. రైలు గురించిన కవిత అది. అయినా ఆవిడ రైలు పెట్టెలు వరసగా గీయలేదు, రంగుల్ని పరిగెత్తించింది. నీ పుస్తకం మొదలుపెట్టే ముందు దీన్ని ఒకసారి తీసి చూడు.

కవితలు ఇవ్వకముందు నీ చిత్రకారిణి స్టూడియోకి మూడు నాలుగు సార్లు వెళ్లు. ఫ్రేము కట్టినవాటికంటే గోడకు తిప్పి ఆనించినవి, సగంలో ఆగిపోయినవి ఎక్కువ చూడు. ఒక్క బొమ్మ ముందు 20 నిమిషాలు కూర్చుని కనబడింది కనబడినట్టు రాసుకో. గీత ఎక్కడ సన్నబడింది, ఏ రంగు ఆరకముందే ఇంకో రంగు వచ్చి కలిసింది, ఎంత జాగా ఖాళీగా వదిలింది. అద్భుతం, అధివాస్తవికం లాంటి మాటలు నోటుబుక్కులోకి రానివ్వకు. సొంతంగా నేర్చుకున్నవాళ్లం భయంతో పెద్ద మాటల వెనక దాక్కుంటాం, చిత్రకారులు అది వెంటనే పసిగడతారు. వివరం పట్టుకోవడం విలేకరిగా నీకు వచ్చిన విద్య, దాన్నే వాడు. బొమ్మ కింద వివరాలు రాసేటప్పుడు పేరు, సంవత్సరం, మాధ్యమం, ఎత్తు, తర్వాత వెడల్పు, ఈ వరస తప్పకు.

నలభై కవితల కట్ట తీసుకెళ్లి ఇవ్వకు. ఆరో ఏడో ఏరుకో, పెద్ద అక్షరాల్లో ఒక పక్కనే ప్రింటు తీసి, పక్కన గీసుకోవడానికి జాగా వదులు. ఒకసారి పైకి చదివి వినిపించి ఊరుకో. అర్థం విప్పి చెప్పకు. "ఇక్కడ ఒక పక్షి పెడితే బావుంటుంది" అన్న మాట అసలే వద్దు, ఆ పక్షి ఇక ఆవిడ చేతిని వదలదు. ఆవిడ బొమ్మ ముందు వేసి నువ్వు తర్వాత రాసే పద్ధతి కూడా ఒకటి రెండింటికి పెట్టుకోండి. ఎప్పుడూ నీ మాటే ముందు నడిస్తే పుస్తకం ఒంటికాలి మీద నిలబడుతుంది.

అక్షరాలు కూడా ఆవిడే గీస్తానంటే సంతోషం. కానీ లినో (చెక్కి, సిరా రాసి అచ్చొత్తే మెత్తని పలక) చెక్కుతానంటే రెండు జాగ్రత్తలున్నాయి. అక్షరం తిరగేసి చెక్కాలి. ట్రేసింగ్ పేపరు మీద రాసి, బోర్లించి లినో మీదికి దింపుకుంటే సరిపోతుంది. అమెరికా కవి ఫ్రాంక్ ఒహారా 1957 నుంచి చిత్రకారుడు లారీ రివర్స్‌తో కలిసి లితోగ్రాఫులు (రాతి మీద గీసి తీసే అచ్చులు) చేసినప్పుడు రాతి మీద తన మాటల్ని అద్దంలో కనిపించినట్టు తిప్పి రాయాల్సి వచ్చింది. రెండోది మన లిపి తెచ్చే చిక్కు. అక్షరం అరంగుళం కంటే చిన్నదైతే తలకట్టు చెక్కేటప్పుడే విరిగిపోతుంది, లోపలి చుక్క సిరాతో పూడుకుపోతుంది. ఠ లో చుక్క పోతే "పాఠం" కాస్తా "పారం" అవుతుంది, థ లో చుక్క పోతే "కథ" "కధ" అవుతుంది. ఈ రెండక్షరాలున్న పాదాల్ని పెద్దగా చెక్కమని ముందే చెప్పు. సన్నని వల గుండా సిరా దింపే స్క్రీన్ ప్రింటింగ్‌లో తిప్పి రాసే పని లేదు, చుక్కల బెడద మాత్రం అక్కడా ఉంది.

కంపోజింగ్‌లో పోయేవి ఒత్తులు. యూనికోడ్‌లో టైపు చేసిన కవితను ఫోటోషాప్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో మామూలుగా అతికిస్తే "స్త్రీ" ముక్కలుముక్కలుగా విడిపోవచ్చు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోమని డిజైనర్‌కి చెప్పు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోకి మార్చితే మార్చాక ప్రతి అక్షరం మళ్లీ చదువు, పొల్లులూ అరసున్నలూ అక్కడే జారిపోతాయి. 14 పాయింట్ల అక్షరానికి పాదానికీ పాదానికీ మధ్య కనీసం 22 పాయింట్లు ఉంచు, లేకపోతే పై పాదం ఒత్తు కింది పాదం గుడిని గుద్దుకుంటుంది. పేజీలో పట్టలేదని నీ పాదాన్ని మధ్యలో విరిచే హక్కు డిజైనర్‌కి లేదు. అలాగే జాగా చాల్లేదని ఆవిడ బొమ్మ అంచు కత్తిరించే హక్కు నీకూ లేదు.

బొమ్మల్ని ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో పంపుకోవద్దు, అక్కడ ఫైలు నలిగిపోతుంది. పగటిపూట నీడలో, ఫ్లాష్ లేకుండా, కెమెరా బొమ్మకు ఎదురుగా సమంగా పెట్టి తీయించు. 8 అంగుళాల వెడల్పున అచ్చువేయాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 2400 పిక్సెళ్లు కావాలి, ఉత్త గీత బొమ్మలైతే 600 డీపీఐలో స్కాన్ చేయించు. తెరమీద మెరిసే నీలం, నారింజ అచ్చులో కొంచెం చప్పబడతాయి, ఆ సంగతి ఆవిడకి ముందే చెప్పు. సైజు విషయంలో మన కవిత్వ పుస్తకాలకు అలవాటైన 1/8 డెమ్మీ బొమ్మలకు ఇరుకు, అంతకంటే పెద్దదైన 1/4 క్రౌన్ తీసుకో. 70 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) మ్యాప్‌లితో, అంటే మామూలు పుస్తకాల కాగితం, వేస్తే వెనక పేజీ బొమ్మ ముందు పేజీలో తొంగిచూస్తుంది, 130 జీఎస్ఎం మ్యాట్ ఆర్ట్ పేపరు అయితే ఆగుతుంది. పేజీలు 16 గుణిజాల్లో పెట్టుకో. రెండు పేజీల మీద పరుచుకున్న బొమ్మలో ముఖమో చెయ్యో సరిగ్గా నడిమధ్యకు వస్తే కుట్టులో మునిగిపోతుంది.

ఒప్పందం తప్పకుండా కాగితం మీద రాసుకో, ఒక్క పేజీ చాలు. స్నేహంలో కాగితాలెందుకు అనుకోకు, స్నేహం నిలవాలనే రాసుకునేది. అసలు బొమ్మలు ఆవిడవే, పుస్తకం వచ్చాక అమ్ముకునే స్వేచ్ఛ కూడా ఆవిడదే. బొమ్మ మీదే నీ కవిత రాసి ఉంటే, అది అమ్ముడుపోయినప్పుడు ఎవరికెంతో ఈ ఒప్పందంలోనే తేల్చుకోండి. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజులో ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, హక్కు రాసిచ్చిన పత్రంలో కాలం చెప్పకపోతే అది ఐదేళ్లకే వర్తిస్తుంది, ఏ ప్రాంతమో చెప్పకపోతే భారతదేశానికే పరిమితం. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మనవాళ్లకూ పుస్తకం అమ్మాలనుకుంటే "ప్రపంచమంతా" అని స్పష్టంగా రాయండి.

నువ్వు జీతానికి రాసినవాటి సంగతి వేరు, ఆ వివరం ఎక్కువమందికి తెలియదు. ఉద్యోగంలో భాగంగా పత్రికలో అచ్చుకోసం రాసినదాని మీద, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లో ప్రచురించే హక్కు యాజమాన్యానిది. పుస్తకంగా వేసుకోవడంలాంటి మిగతా హక్కులు నీవే. అయితే చేరినప్పుడు నువ్వు సంతకం పెట్టిన కాగితంలో వేరేలా రాసి ఉండొచ్చు, తీసి చదువు. ఇంకొకటి, ఆవిడ ప్రదర్శన మీద నీ పేపర్లో నువ్వు సమీక్ష రాయకు. ఇద్దరూ కలిసి పనిచేస్తున్నారని డెస్కులో చెప్పి ఇంకొకరికి అప్పగించు.

ప్రదర్శన పెడితే బొమ్మ నడిమి భాగం నేల నుంచి సుమారు 58 అంగుళాల ఎత్తున ఉండాలి. కవితను బొమ్మ పక్కన, 24 పాయింట్లకు తగ్గకుండా పెట్టు. కింద పెడితే చదవడానికి వంగాలి, వంగితే బొమ్మ కనిపించదు. ప్రారంభం రోజు మూడు కవితలకు మించి చదవకు, వచ్చినవాళ్లు నిలబడి ఉంటారు.

అచ్చుకు పోయేముందు రంగు ప్రూఫ్ మీద ఇద్దరూ సంతకం చేయండి. మొదటి షీట్లు నడిచేరోజు డెస్కుకి సెలవు పెట్టి, ఆవిడని ప్రెస్సుకి తీసుకెళ్లు. షీటు మీద నీలం ఒక పాలు ఎక్కువైందని మెషీన్ నడిపే ఆయనకి చెప్పగలిగేది ఆవిడే. నువ్వు పక్కన నిలబడి, ఆరకముందే అక్షరాలు చదువు. ముందు ఠ, థ చుక్కలు చూడు.

ప్రేమతో,
అన్నయ్య