కంటిలో మెరుపులు, నల్లచుక్కలు: పండగ అయ్యేదాకా ఆగవద్దు

మీ అమ్మగారికి 58 ఏళ్లు, మైనస్ 7 కళ్లద్దాలు, రెండు రోజులుగా కుడి కంటి అంచున మెరుపులు, దోమల్లా తేలే నల్లచుక్కలు అని రాశారు. నొప్పి లేదు కాబట్టి పండగ అయ్యాక చూపించవచ్చా అని అడిగారు. వద్దండి, ఈరోజే తీసుకెళ్లండి. కంటి లోపల వెనకవైపు అతుక్కుని ఉండి, చూపును పట్టే పలచని పొర రెటీనా. దానికి నొప్పి తెలియదు.

వయసు పెరిగేకొద్దీ కంటిలోని జిగురు పదార్థం పలచబడి రెటీనా నుంచి విడివడుతుంది. అది లాగినప్పుడే ఈ మెరుపులు. చాలామందికి అంతటితో సరి. కొందరికి రెటీనా చిరుగుతుంది. మైనస్ పవరు ఎక్కువున్నవారికి ఆ ముప్పు ఎక్కువ. చిరుగు దశలోనే దొరికితే సాధారణంగా లేజరుతో సరిపోతుంది. ఊడిందంటే ఆపరేషనే.

మా నాన్నగారు చూపులో ఒక మూల తెర దించినట్టుందంటూ పొద్దంతా కళ్లద్దాలను పంచె అంచుతో తుడుస్తూనే ఉన్నారు. మరక అద్దం మీద కాదని తెలిసేసరికి సాయంత్రమైంది. అలాంటి నీడ రెటీనా ఊడుతోందనడానికి గుర్తు కావచ్చు. అమ్మగారికి అది కనిపిస్తే గంట కూడా ఆగవద్దు.

కళ్లద్దాల దుకాణంలో చేసే పరీక్ష దీనికి చాలదు. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనా చూసే డాక్టరు కావాలి. తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, తోడు వెళ్లండి.

మైగ్రేన్ కావచ్చన్న మీ అక్కగారి అనుమానానికి: అందులో వంకరటింకర వెలుగు గీతలు సాధారణంగా ఏ కన్ను మూసినా కనిపిస్తాయి, గంటలోపు పోతాయి. ఇక హఠాత్తుగా చూపు పోయినా, రెండుగా కనిపించినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి.